రెండో డిస్కు

పేషెంట్ల గౌన్లు ఇస్త్రీ చేస్తుంటే కింద నుంచి ఫోను వచ్చింది. "మేడం, సార్ మిమ్మల్ని వెంటనే రమ్మంటున్నారు," అంది రిసెప్షన్ అమ్మాయి. "ఎలా అన్నారు?" అని అడిగింది ఆమె. ఏమన్నారు అని కాదు, ఎలా అన్నారు అని. ఆ తేడా తెలిసేటంత కాలమైంది ఆ అమ్మాయి అక్కడ చేరి. ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, "మెల్లగా అన్నారు మేడం," అంది.

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ప్లగ్గు తీసేసింది. 

వాళ్లింట్లో భయం అరుపుల్లో ఉండదు. ఆయన అరవడు. పెళ్లైన ఇన్నేళ్లలో చెయ్యెత్తిందీ లేదు, కంచం విసిరిందీ లేదు. బంధువుల్లో ఎవరింటి గొడవ చెవిన పడ్డా అత్తగారు, "మావాడు ఆ విషయంలో దేవుడు," అంటుంది. ఆయనకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది. ఎంత కోపమైతే అంత మెల్లగా మాట్లాడతాడు, అవతలివాళ్లు ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి వినాల్సినంత మెల్లగా. ఆ తర్వాత రోజుల తరబడి మాటలుండవు. గిన్నె చప్పుడు కాకూడదు, కుర్చీ జరిపిన చప్పుడు కాకూడదు. ఆ మౌనం ఎప్పుడు, దేనికి మొదలవుతుందో ముందుగా పసిగట్టడానికి ఆమె చెవులు ఎప్పుడూ నిక్కబొడుచుకునే ఉంటాయి. మెట్లమీద అడుగులు ఎలా పడుతున్నాయి, తాళాలు బల్లమీద పెట్టాడా, పడేశాడా, స్నానాలగదిలో నీళ్ల చప్పుడు మామూలుగా ఉందా. ఇదంతా ఎవరికైనా చెప్పుకుందామంటే, ఏమన్నాడమ్మా అని అడుగుతారు. ఏమీ అనలేదనే చెప్పాలి.

ఇల్లు పైన, స్కాన్ సెంటర్ కింద. ఆయన స్కాన్లు చదివే డాక్టరు. చదవడంలో అందెవేసిన చెయ్యి, అది ఎవరైనా ఒప్పుకుని తీరాలి. పెద్దాసుపత్రుల్లో చూసి కూడా వదిలేసిన చిన్న నీడను ఆయన వేలుపెట్టి చూపించిన సందర్భాలున్నాయి. ఆమె చదివింది కంప్యూటర్లు. పెళ్లికి ముందు ఒక కంపెనీలో పెద్ద పెద్ద సర్వర్లు కాచుకునే ఉద్యోగం చేసింది. సెంటర్ తెరిచినప్పుడు ఆయన, "బయటివాణ్ణి పెట్టుకోవడమెందుకు, నువ్వున్నావుగా," అన్నాడు. తీసిన ప్రతి స్కానూ వెనకగదిలో ఉన్న ఒక పెట్టెలోకి చేరుతుంది. అందులో నాలుగు డిస్కులు. ఆ పెట్టె ఏర్పాటు చేసింది ఆమె, తీగలు లాగింది ఆమె, మొరాయించినప్పుడల్లా తడిచేతులు కొంగుకు తుడుచుకుని కిందికి పరిగెత్తేది ఆమె. పని అవగానే మళ్లీ పైకి. పేషెంట్లు తొడుక్కున్న గౌన్లు సాయంత్రం సంచుల్లో పైకే వస్తాయి, ఉతకడానికి. కొత్తవాళ్లెవరైనా మీ ఆవిడ ఏం చేస్తారండీ అని అడిగితే, "ఇంట్లోనే ఉంటుంది," అంటాడాయన. ఒకసారి ఆమె నవ్వుతూనే, నాకూ ఒక జీతం రాయకూడదూ అంది. "ఇంట్లో మనిషికి జీతమేమిటే, వింటే నవ్విపోతారు," అంది అత్తగారు. ఆయన నవ్వలేదు. ఆ రాత్రి నుంచి మాట్లాడలేదు.

కిందికి వెళ్లేసరికి ఆయన వెనకగదిలో, పెట్టె ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఉదయం నుంచి ఒక్క పాత ఫైలూ తెరుచుకోవడం లేదు. చూడు."

చూసింది. మూడో డిస్కు దీపం ఎర్రగా ఉంది. రెండో డిస్కు దీపం పచ్చగా వెలగాల్సింది, పసుపురంగులో కొట్టుకుంటోంది. 

"ఈ మూడోది ఎప్పుడు పోయిందండీ? పోగానే ఇది కూత పెట్టాలే."

"పెట్టింది, పోయిన వారం. పేషెంట్లు కంగారు పడుతున్నారని ఆపించాను."

"నాకొక్క మాట చెప్పుంటే..."

"నువ్వు దిగి వచ్చి చూసుకోవాల్సింది." గొంతు ఇంకో మెట్టు దిగింది. "నీ పని నాకు తెలియాలా?"

పోయిన వారమంతా ఆమె పైనే ఉంది. అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. లేపడం, కూర్చోబెట్టడం, కట్టు మార్చడం, బాత్రూముకు తీసుకెళ్లడం. ఆయన తల్లిని చూసుకుంటూ ఆయన పెట్టెను చూసుకోకపోవడం ఆమె తప్పు. ఆ మాట ఆయన అననక్కర్లేదు, ఆమె మనసే ఆ లెక్కకు ఎప్పుడో అలవాటు పడింది. ఎక్కడ మొదలైన తప్పయినా తిరిగి తిరిగి ఆమె గుమ్మంలోకే వచ్చి కూర్చుంటుంది.

పెట్టె దగ్గర వంగి చెవి ఆనించింది. లోపల రెండో డిస్కు టిక్కుమంటోంది. కాస్త ఆగి గరగరమంటోంది. మళ్లీ టిక్కు. నాలుగు డిస్కులూ ఒకదాని లెక్క ఇంకొకటి కొంచెం కొంచెం దాచుకుంటాయి. ఒకటి పోతే మిగిలిన మూడూ కలిసి అందులో ఏముందో చెప్పగలవు. రెండు పోతే చెప్పేవాళ్లుండరు. ఇన్నేళ్లుగా తీసిన తలలు, ఊపిరితిత్తులు, వెన్నెముకలు, కడుపులో పిల్లలు, అన్నీ ఒక్కసారిగా పోతాయి. వేరేచోట ఒక నకలు ఉంచుదామని ఆమె ఎప్పుడో అడిగింది. "ఇంట్లో మిక్సీ పాడవుతుందని ఇంకోటి ముందే కొని అటకెక్కిస్తామా?" అన్నాడు.

"కంపెనీవాడితో మాట్లాడాను," అన్నాడాయన. "కొత్త డిస్కు పంపించాడు. పోయినదాని చోట ఇది పెడితే దానంతటదే సర్దుకుంటుందట. మధ్యాహ్నానికల్లా అయిపోవాలి. ఆ టీచరుగారి పాత స్కాన్లు సర్జనుకు కావాలి. రేపు పొద్దున ఆవిడకు తలలో ఆపరేషను."

డిస్కు డబ్బా ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

 చెప్పినట్టు చేసేయడం ఎంత హాయి. ఎర్రదీపం ఉన్నదాన్ని లాగి, దీన్ని తోసేస్తే అయిపోతుంది. తర్వాత ఏం జరిగినా కంపెనీవాడు చెప్పాడు, మీరు చెప్పారు, నేను చేశాను అనొచ్చు. ఆమె జీవితంలో సగం పనులు అలా చేసినవే. కానీ ఆ టిక్కుటిక్కు మనసుకు నచ్చలేదు. పాత ఉద్యోగంలో అలాంటి చప్పుడు విన్నప్పుడు ఎవరూ ఏదీ ముట్టుకునేవారు కాదు, ముందు ఒకరికి ఫోను చేసేవారు. ఆమె కూడా ఫోను తీసింది.

పిట్ట ఆమెతో కలిసి చదివింది. వసపోసినట్టు మాట్లాడుతుందని కాలేజీలో ఆ పేరు పెట్టారు. ఇప్పుడు వేరే ఊళ్లో, చచ్చిపోయిన డిస్కుల్లోంచి డేటా బయటికి తీసే చిన్న దుకాణం నడుపుతోంది. ఒకసారి ఇంటికొచ్చి, పొద్దంతా నవ్వి, నవ్వించి వెళ్లింది. పిట్ట వెళ్లాక ఆయన, "ఆవిడ నవ్వు గేటుదాకా వినిపిస్తోంది," అన్నాడు. అంతే. రావద్దనలేదు, మాట్లాడొద్దనలేదు. అయినా ఆమె పిట్టతో మాట్లాడటం మానేసింది.

"ఏమే, బతికే ఉన్నావా?" అంది పిట్ట. ఆమె గొంతు వినగానే వేళాకోళం ఆపేసి, "ఏమైంది?" అంది.

చెప్పింది. ఫోను పెట్టె దగ్గర పెట్టి ఆ చప్పుడు వినిపించింది. పిట్ట ఏమీ మాట్లాడలేదు. పిట్ట మాట్లాడకపోవడం ఆమె ఎన్నడూ ఎరగదు.

"కొత్తది పెట్టేశావా?"

"ఇంకా లేదు."

"పెట్టకు. పెట్టావంటే ఆ పెట్టె మిగిలిన మూడింటినీ మొదటి నుంచి చివరిదాకా ఒక్క బిగిన చదివిస్తుంది. ఆ రెండోదానికి అంత ఓపిక లేదే. మధ్యదారిలో కూలబడితే నా దగ్గరికి మోసుకొచ్చినా నేను చెయ్యగలిగేది ఏమీ ఉండకపోవచ్చు."

"మరేం చెయ్యను?"

"పెట్టె ఆపు. ఆ రెండోదాన్ని బయటికి తీసి వేరే కంప్యూటరుకు తగిలించు. అందులో ఉన్నది ఉన్నట్టుగా ఆ కొత్త డిస్కులోకి కాపీ చెయ్యి. మొరాయించిన చోట బతిమాలుతూ కూర్చోకు, దాటేసి ముందుకు పో. ముందు వచ్చిందంతా రానీ. వదిలేసిన ముక్కల్ని చివర్లో వెనక్కొచ్చి మళ్లీ అడుగు. దాన్ని వేడెక్కనివ్వకు. మధ్యలో ఆపకు, ఆగితే ఇంక లేవకపోవచ్చు. అంతా అయ్యాక ఆ కాపీని రెండోదాని చోట పెట్టి పెట్టె ఆన్ చెయ్యి. మూడోదానికి ఇంకో డిస్కు తర్వాత తెప్పించుకోవచ్చు."

"ఎంతసేపు పడుతుంది?"

"సాయంత్రం దాకా పట్టొచ్చు."

"ఆయన మధ్యాహ్నానికల్లా అన్నారు."

"మీ ఆయన డాక్టరే కదా. పేషెంటును బల్లమీద పడుకోబెట్టి తొందరపెడతాడా?"

"పిట్టా, ఖచ్చితంగా వస్తుందా?"

"ఖచ్చితంగా అని నేను ఎవరికీ చెప్పను. దీంట్లో కాస్త ఎక్కువ ఆశ ఉంది, అంతే. చేతులు వణుకుతున్నాయా?"

"ఆఁ."

"వణకనీ. మెల్లగా చెయ్యి."

పెట్టె ఆపింది. హోరు ఆగిపోగానే గదిలో నిశ్శబ్దం పరుచుకుంది. బయటికి లాగకముందు ఒక్కో డిస్కుమీద టేపు అంటించి, పెన్నుతో వరస రాసింది. రెండోదని చెప్పి ఒకటోదాన్ని లాగితే ఏం గతి అని అదే దీపాన్ని మళ్లీ మళ్లీ చూసుకుంది. పాత కంప్యూటరుకు జబ్బు డిస్కును ఒక పక్కా కొత్తదాన్ని ఇంకో పక్కా తగిలించింది. ఇప్పుడు ఏది దేనిలోకి వెళ్లాలో టైపు చెయ్యాలి. అటుదిటు అయిందంటే ఖాళీ డిస్కు వెళ్లి నిండిన డిస్కును తుడిచేస్తుంది. ఆ తర్వాత పిట్ట లేదు, ఎవరూ లేరు. ఆమె పేర్లు టైపు చేసింది, చెరిపింది, మళ్లీ టైపు చేసింది. డిస్కుల వెనక ఉన్న నంబర్లతో తెరమీది నంబర్లు కలిపి చూసింది. "దీంట్లోంచి దీంట్లోకి," అని పైకే అనుకుంది, వేలితో చూపించుకుంటూ. ఒక్క మీట నొక్కాలి. వేలు దానిమీద ఉంది, నొక్కబుద్ధి కావడం లేదు. నువ్వెవరివి ఇది చెయ్యడానికి, ఇంట్లో ఉండేదానివి, ఉద్యోగం వదిలేసి ఎంత కాలమైంది, ఆయన చెప్పిందే సరైతే, పిట్టే పొరబడితే. కళ్లు మూసుకోకుండా, చూస్తూ నొక్కింది.

తెరమీద అంకెలు కదిలాయి. డిస్కు తిరుగుతోంది.

చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా తగిలింది. ఫాను కోసం పైకి పరిగెత్తింది. అత్తగారు మంచంమీద కాలు చాపుకుని కూర్చుని ఉంది.

"ఏమైందే, అలా ఉన్నావు?"

"కింద డిస్కు పాడైంది అత్తయ్యా. టేబుల్ ఫాను కావాలి."

"వాడెలా ఉన్నాడు?"

"మెల్లగా మాట్లాడుతున్నారు."

అత్తగారి చెయ్యి దుప్పటిమీద ఆగిపోయింది. కొత్తగా కాపురానికొచ్చినప్పటి నుంచీ ఆమె చెవిలో అత్తగారు పోసిన మాట ఒక్కటే, "వాడికి కోపం తెప్పించకు." పాలు పొంగినా, చుట్టాలొచ్చినా, పుట్టింటికి వెళ్తానన్నా, అదే. ఆమెకు అది ఎప్పుడూ ఒక ఆజ్ఞలా వినిపించేది, కొడుకును నెత్తిన పెట్టుకున్న తల్లి కోడలికి వేసే ముకుతాడులా. ఇవాళ మాత్రం అత్తగారు ఆ మాట అనలేదు. "తీసుకెళ్లు. నాకు ఉక్కపొయ్యదులే," అంది.

ఫాను మోసుకుని వస్తుంటే నడవలో టీచరు ఎదురైంది. వెయిటింగ్ హాల్లో కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతోంది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, తల వెనక కొంత మేర జుట్టు తీసేశారు. ఇంతకుముందు వచ్చినప్పుడల్లా ఆమెను చూసి పలకరింపుగా నవ్వేది.

"ఏమండీ, మీరు లోపలివాళ్లు కదా. సర్వరు పనిమీద ఉంది, సాయంత్రానికి వచ్చేస్తాయి అంటోంది ఆ అమ్మాయి. నిజమేనా? పిల్లలు హోంవర్కు చెయ్యకుండా వచ్చినప్పుడు ఇలాగే చెప్తారు, అందుకని అడుగుతున్నా. పోయినేడు తీసినదాంతో పోలిస్తే గడ్డ పెరగలేదని తెలిస్తే ఇప్పుడే కొయ్యక్కర్లేదన్నాడు సర్జను. అవి దొరక్కపోతే రేపు కోస్తారు. నా స్కాన్లు ఉన్నాయా, లేవా?"

రిసెప్షన్ అమ్మాయికి ఏం చెప్పమన్నాడో ఆమెకు తెలుసు. ఎవరు వచ్చినా అదే చెప్పాలి. ఫాను బరువుకు చెయ్యి లాగుతోంది.

"తెలీదండీ," అంది. "అవి ఉన్న డిస్కు పాడవుతోంది. ఉన్నంతవరకు కాపీ చేస్తున్నాను. రావచ్చు, రాకపోవచ్చు."

టీచరు కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "సరే. తెలీదంటే తెలీదనే కదా," అంది. "చెప్పారు, నయం. మీరు వెళ్లి పని చూసుకోండి."

మధ్యాహ్నం ఆయన వచ్చాడు. తీసి బయట పెట్టిన డిస్కును, దానిమీదకు తిరుగుతున్న ఫానును, తెరను, వరసగా చూశాడు.

"నేను చెప్పింది ఇది కాదు కదా."

ఆమె ముందుకు వంగింది, వినడానికి.  "కొత్తది అందులో పెడితే ఈ రెండోది తట్టుకోలేదండీ. అందుకని ముందు దీన్ని..."

"ఎవరు చెప్పారు?"

"పిట్ట."

"పిట్ట," అన్నాడు. ఆ పేరు ఎలా పలికాడంటే ఆమెకు సిగ్గేసింది, దేనికో తెలియకుండానే. "టీచరుతో కూడా ఏదో చెప్పావట. ఆవిడ వచ్చి నన్ను అడుగుతోంది, డాక్టరుగారూ డిస్కు ఎంతవరకు వచ్చింది అని. నా సెంటరు పరువు వెయిటింగ్ హాల్లో ఆరబెట్టావు." గోడమీద గడియారం చూశాడు. "బల్లమీద పేషెంటు ఉన్నాడు. నేను మళ్లీ వచ్చేసరికి ఇది ఆపేసి ఉండాలి. కొత్త డిస్కు పెట్టెలో ఉండాలి. ఇంకోసారి చెప్పించుకోకు."

ఆయన వెళ్లాక ఆమె తెరకేసి చూసింది. సగం దాటింది. ఆపితే మళ్లీ లేవకపోవచ్చు. ఆపకపోతే ఆయన వస్తాడు. వచ్చి ఏం చేస్తాడు? కొట్టడు, తిట్టడు. చెయ్యి చాపి ఆ తీగ లాగేస్తాడు, అంతే, లైటు ఆర్పినంత మామూలుగా. తర్వాత డిస్కు లేవకపోతే మెల్లగా అంటాడు, చూశావా అని. అప్పుడు అందరూ నమ్ముతారు, ఆమె పాడుచేసిందని. కొన్నాళ్లకు ఆమె కూడా నమ్ముతుంది. ఇంతకు ముందు అలా నమ్మినవి లేవా?

అటు డిస్కు టిక్కుమంటోంది. ఇటు నడవలో చెప్పుల చప్పుడు. డిస్కులో ఏ గరగర ప్రమాదమో, ఏ గరగర దాటిపోతుందో ఆమెకు పొద్దుటి నుంచి తెలుస్తూనే ఉంది. ఎవరూ నేర్పలేదు. ఏళ్ల తరబడి మెట్లమీద అడుగుల చప్పుడు విని విని పదునెక్కిన చెవులవి. ఆ చెవులే చెప్పాయి, ఇప్పుడు వస్తున్నవి ఆయన అడుగులని, మామూలు అడుగులు కావని.

ఆమె లేచి తలుపు గడియ పెట్టింది.

పెట్టాక చూస్తే, తన చేతినే తాను నమ్మలేకపోయింది. పెళ్లైన తర్వాత స్నానాలగదికి తప్ప ఏ తలుపుకూ ఆమె లోపల గడియ పెట్టుకోలేదు. 

తలుపు కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది.

"తలుపు తియ్యి."

ఆమె తలుపుకు వీపు ఆనించి నిలబడింది. 

"తియ్యమంటున్నాను."

ఇంకా మెల్లగా. చెక్క అడ్డం ఉన్నందువల్ల ఆ గొంతు సరిగ్గా వినపడటం లేదు. ముందుకు వంగి వినాల్సిన అవసరం లేదని ఆమెకు అప్పుడే తెలిసింది. 

"అయిపోగానే తీస్తానండీ," అంది.

బయట ఇంకో చప్పుడు, కర్ర టకటక. అత్తగారు. ఆ కాలితో మెట్లు దిగొచ్చింది. భోజనం తెచ్చినట్టుంది, గిన్నె మూత కదిలింది.

"అమ్మా, నువ్వు చెప్పు దానికి," అన్నాడాయన.

అత్తగారు ఏదో అంటుందని ఆమె ఎదురుచూసింది. వాడికి కోపం తెప్పించకే అని, తలుపు తియ్యవే తల్లీ అని. అంటే తీసేదేమో.  గిన్నె కింద పెట్టిన చప్పుడొక్కటే వినిపించింది.

"సరే," అన్నాడాయన చివరికి. "పోతే నీదే బాధ్యత. సర్జనుకూ అదే చెప్తాను, ఆ టీచరుకూ అదే చెప్తాను."

"చెప్పండి," అంది ఆమె.  అడుగులు దూరమయ్యాయి.

ఆ తర్వాతే అసలు గండం. తెరమీద అంకెలు ఆగిపోయాయి. డిస్కు గరగరమని, కిర్రుమని, ఒక్కసారి చప్పుడు మానేసింది. ఆమె కింద నేలమీద కూలబడింది. చంపేశాను అనుకుంది. మొండికి పోయి, తలుపేసుకుని, ఎవరి మాటా వినకుండా నా చేతులతో చంపేశాను. టీచరు తల వెనక జుట్టు తీసిన చోటు కళ్లముందుకొచ్చింది. ఆయన చెప్పినట్టు చేసుంటే ఈపాటికి అన్నీ వచ్చేవేమో. పిట్టకు ఫోను చేద్దామంటే చెయ్యి రాలేదు. ఫానును ఇంకాస్త దగ్గరికి జరిపి, నేలమీదే కూర్చుని, మోకాళ్లు పట్టుకుని, డిస్కును చూస్తూ ఉండిపోయింది. ఏడవలేదు. ఏడిస్తే చప్పుడు వినపడదు.

టిక్కుమంది. కాసేపటికి మళ్లీ టిక్కుమంది. అంకె ఒకటి మారింది.

ఎండ వాలేవేళకు మొదటి విడత పూర్తయింది. వదిలేసిన ముక్కల దగ్గరికి వెనక్కు వచ్చి మళ్లీ అడిగించింది. కొన్ని ఇచ్చింది, కొన్ని ఎంత అడిగినా ఇవ్వలేదు. "ఇంక చాలు, దాన్ని వదిలెయ్," అంది పిట్ట ఫోనులో. కాపీని తీసుకెళ్లి రెండోదాని చోట పెట్టి, పెట్టె మీట వేసింది. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. ఎర్రది ఎర్రగానే ఉంది. మిగిలిన మూడూ కొట్టుకుని, కొట్టుకుని, పచ్చగా నిలబడ్డాయి. టీచరు పేరు కొట్టింది. తెర నల్లబడింది. తర్వాత మెల్లగా, పైనుంచి కిందికి, పోయినేటి ఆవిడ తల తెరమీదకు వచ్చింది.

అప్పుడు గడియ తీసింది.

ఆయన వచ్చి కూర్చున్నాడు. పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చదవడం మొదలుపెట్టాడు. ఒకటి రెండు చోట్ల బొమ్మకు అడ్డంగా నల్లటి గీతలు పడ్డాయి, డిస్కు ఇవ్వని ముక్కలవి. ఆయన వాటికి అటూ ఇటూ ఉన్న బొమ్మలు తిప్పి తిప్పి చూశాడు. చదివేటప్పుడు ఆయన వేరే మనిషి, ఓపిక మనిషి. ఆ మనిషి పైకి ఎందుకు రాడో ఆమెకు ఎన్నడూ అర్థం కాలేదు. చివరికి సర్జనుకు ఫోను చేశాడు. "పెరగలేదు. నేను సంతకం పెడతాను. అవును, చిన్న సమస్య వచ్చింది, సరిచేశాం," అన్నాడు.

టీచరు వెళ్తూ ఆమె చెయ్యి పట్టుకుంది. గట్టిగా నొక్కి వదిలేసింది.

రిసెప్షన్ అమ్మాయి కూడా వెళ్లిపోయింది. ఆయన ముందు తలుపు మూసి, దీపాలార్పుకుంటూ నడవలోకి వచ్చాడు. అత్తగారు అక్కడే కుర్చీలో ఉంది. పొద్దు గుంకేదాకా పైకి వెళ్లలేదు, మెట్లెక్కడానికి చెయ్యి అందించేవాళ్లు గదిలో ఉన్నారు కదా మరి. ఆమె అత్తగారిని లేపడానికి వంగింది.

"తలుపెందుకు వేశావు?" అన్నాడాయన వెనకనుంచి. మెల్లగా.

చెప్పడానికి బోలెడు ఉన్నాయి. దుమ్ము వస్తుందని, చల్లదనం పోతుందని, ఎవరైనా తీగ తన్నుకుంటారని. ఇన్నేళ్లలో అలాంటివి ఎన్ని అల్లలేదు. అవి నోటిదాకా వచ్చాయి కూడా. ఆమె నిటారుగా లేచి వెనక్కి తిరిగింది. పొద్దుటి నుంచి పడ్డ భయమంతా ఇంకా ఒంట్లోనే ఉంది, ఎక్కడికీ పోలేదు.

"మీరంటే భయమేసి," అంది.

ఆయన నవ్వాడు. "నేనంటేనా? ఎప్పుడైనా చెయ్యెత్తానా నీమీద?"

"లేదు."

"తిట్టానా?"

"లేదు. అయినా భయమే. రోజూ భయమే."

ఆయన తల్లి వైపు తిరిగాడు, వింతలో వింత చూపిస్తున్నట్టు. "విన్నావా అమ్మా? నేనంటే భయమట."

అత్తగారు కోడలి చెయ్యి ఊతంగా పట్టుకుని లేచి నిలబడింది. కొడుకు ముఖంలోకి చూడలేదు, నేలకేసి చూసింది.

"నాకూ భయమేరా," అంది. "ముందు మీ నాన్నంటే ఉండేది. ఇప్పుడు నువ్వంటే."

ఆయన నోరు తెరిచాడు. ఏ గొంతుతో మాట్లాడాలో తెలియలేదు కాబోలు, మళ్లీ మూశాడు. ఇద్దరాడవాళ్లూ ఒకరినొకరు పట్టుకుని, ఆయన పక్కనుంచే, చప్పుడు చేసుకుంటూ మెట్లెక్కారు.